పుట్టకముందే నడిచిన పిల్ల

జనవరి 8, 2024. దంతెవాడ.

ఇర్మెకి ఫిన్లాండ్ నుంచి పిలుపు వచ్చింది. ఉత్తరాన ఓ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు, రెండో డివిజన్. ఒక సీజన్‌కి కాంట్రాక్టు. మార్చి ఒకటికల్లా అక్కడ ఉండాలి.

గీదం వెళ్ళి, ఆశ్రమశాల గ్రౌండ్‌లో నిలబడి మెయిల్ చదివి వినిపించాను. ఒకసారి ఇర్మెకి, మరోసారి కాశయ్యకి. కాశయ్య ఆ బడి పీటీ గురూజీ. ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడు బంతి ఇచ్చినవాడు. మూడేళ్ళుగా ఇర్మె ఒడిశాలో ఒక క్లబ్బుకి ఆడుతున్నా, సెలవులకి వచ్చేది ఆయన ఇంటికే.

"మంచు మీద ఆడాలా సార్?" అంది ఇర్మె.

"లేదు. ప్లాస్టిక్ గడ్డట."

"అయితే పర్లేదు. మన గ్రౌండ్‌ల ప్లాస్టిక్కూ లేదు, గడ్డీ లేదు."

కాశయ్య నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఫోటో తీశాను. రాయపూర్ డెస్క్‌కి నాలుగు వందల పదాల వార్త పంపాను. 'అడవి' అన్న మాట లేకుండా పంపాను.

జనవరి 9

'అడవి' హెడ్డింగ్‌లోనే ఉంది.

జనవరి 19

ఢిల్లీ నుంచి ఫెడరేషన్ కాగితం. ఇర్మె పాస్‌పోర్టులో పుట్టిన ఏడు 2004. ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో 2006. ఏది నిజమో తేలేదాకా విదేశీ బదిలీకి అనుమతి లేదు.

2006 నిజమైతే ఇర్మె మైనరు. పద్దెనిమిది నిండకుండా వేరే దేశం క్లబ్బుకి పోకూడదు. 2004 నిజమైతే 2018లో అండర్-14 జట్టులో ఆడింది తప్పుడు వయసుతో. దానికి నిషేధం, రెండేళ్ళ దాకా.

పాస్‌పోర్టు ఆధార్‌ని బట్టి చేయించారు. ఆధార్ క్యాంపులో తల్లిని అడిగి రాశారు. ఫెడరేషన్ రికార్డు 2018 ట్రయల్స్ ఫారం నుంచి వచ్చింది.

ఆ ఫారం కాశయ్య నింపాడు. జగదల్‌పూర్‌లో. నేను వార్త కోసం వెళ్ళి పక్కన ఉన్నాను.

జనవరి 22

బైలాడిల్లా రోడ్డు పనుల వార్త పంపాను. నిద్ర సరిగా లేదు.

జనవరి 24

కాశయ్య ఇంట్లో. ఇర్మె గ్రౌండ్‌కి వెళ్ళింది. అరుగు మీద బడి అడ్మిషన్ రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. 2010 జూలై పేజీ. ఇర్మె, ఆరేళ్ళు.

"ఆరని ఎట్లా తెలిసింది?" అన్నాను.

"ఎట్లా ఏముంది, చెయ్యే. కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమంటాం. అందితే ఆరు. అందకపోతే వచ్చే ఏడాది రమ్మంటాం. ఈ పిల్ల చెవి పట్టుకోవడమే కాదు, మెలేసుకుని నిలబడ్డది. ఎందుకంటే, గుంజీలు తీయించడానికి అనుకుందంట."

చాలాసేపు నవ్వాం. తర్వాత రిజిస్టరు మూసి అన్నాడు: "ఇది ఎవరికీ చూపించకండి రావుగారూ."

ఈయన ఫారం నింపకుండా ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

జనవరి 27

మా ఆవిడ గంగారత్నంతో ఇదంతా చెప్పాను. కూర తరుగుతూ విన్నది.

"ఫారం ఏ భాషలో ఉంది?" అంది.

"ఇంగ్లీషులో."

"కాశయ్యగారు ఇంగ్లీషులో ఫారం నింపారా? కూతురి పెళ్ళి కార్డుల మీద అడ్రసులు కూడా మీచేతే రాయించారు కదండీ!"

ఆయన నింపి ఉండొచ్చు. బడి క్లర్కు సాయం చేసి ఉండొచ్చు. ఆరేళ్ళ కిందటి మాట.

జనవరి 30

బీజాపూర్ పోయి వచ్చాను. కలెక్టరు ప్రెస్ మీట్. ఒక్క ముక్క కూడా నోట్ చేసుకోలేదు. పక్క పేపరు కుర్రాడి దగ్గర తీసుకున్నాను.

ఫిబ్రవరి 1

ఫెడరేషన్ పాత ఫారం నకలు పంపింది. చేతిరాత నాది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. 2018 ఆగస్టు, జగదల్‌పూర్, వాన. టేబుల్ దగ్గర లైను. పద్నాలుగు లోపు వాళ్ళకే ట్రయల్స్. ఇర్మెకి పద్నాలుగు నిండాయి. కాశయ్య నా చేతికి పెన్నిచ్చాడు. "పుట్టిన ఏడు ఏం రాయను?" అన్నాను. "మీ ఇష్టం" అన్నాడు. వయసు ఒక్క ఏడు తగ్గిస్తే చాలు. నేను రెండు తగ్గించాను. బడి పేరు మీద సర్టిఫికెట్ ఆయన తర్వాత దానికి తగ్గట్టు ఇచ్చాడు.

రెండు ఎందుకంటే, ఆ రోజు నేను పంపబోయే వార్త హెడ్డింగ్ అప్పటికే నా బుర్రలో ఉంది. 'పన్నెండేళ్ళకే రాష్ట్ర జట్టులో'. పదమూడుకి ఆ బలం లేదు.

ఇరవై ఆరేళ్ళుగా డెస్క్ వాళ్ళు చేర్చే విశేషణాలు కొట్టేస్తున్నాను. అంకె కూడా విశేషణం కాగలదని అప్పుడు తట్టలేదు. తట్టలేదని రాయడం కూడా సరికాదు. తట్టింది.

ఫిబ్రవరి 5

వికాస్ వచ్చాడు. ఇర్మె ఏజెంటు, రాయపూర్ కుర్రాడు. గీదం బస్టాండు హోటల్లో నలుగురం. పథకం చెప్పాడు. ఆధార్ తప్పు, 2006 నిజం అనాలి. ఆధార్ మార్చి పాస్‌పోర్టు మార్చాలి. జూలై ఒకటికి కాగితం మీద పద్దెనిమిది నిండుతాయి. ఫిన్లాండ్‌లో జూలైలో మళ్ళీ బదిలీలు జరుగుతాయి, క్లబ్బుని అప్పటిదాకా ఆపుతానంటాడు. నిషేధం లేదు, విచారణ లేదు.

"సార్, మీది ఒక్క పేజీ చాలు. 2018లో కుటుంబాన్ని అడిగి వయసు నిర్ధారించుకున్నాకే వార్త రాశానని. మీ పేపరు కటింగ్ దానికి జోడిస్తా. పత్రికా విలేకరి మాట కదా, కొట్టేయరు."

ఇంకొకటి. మైనరు అంటున్నాం కాబట్టి తల్లి వేలిముద్ర కావాలి.

ఇర్మె సమోసా తుంచుతూ కూర్చుంది, తినలేదు.

"నీ మాటేంది?" అన్నాడు కాశయ్య.

"అందరూ కలిసి నా వయసు చెప్పండి గురూజీ. నేను గ్రౌండ్‌ల ఉంటా" అని లేచిపోయింది.

ఫిబ్రవరి 7

ఉత్తరం రాసి సంతకం పెట్టి వికాస్‌కి ఇచ్చాను. ఇది అబద్ధం అనడానికి లేదు. అప్పట్లో కుటుంబాన్ని అడగలేదన్న మాట నిజమే కానీ, అడిగినా వాళ్ళు కచ్చితంగా చెప్పగలిగేవారు కాదు. ఈ ప్రాంతంలో కచ్చితమైన పుట్టిన తేదీ ఎవరికీ లేదు. ఒక పిల్ల జీవితం రెండంకెల దగ్గర ఆగకూడదు.

ఫిబ్రవరి 8

విశేషం ఏమీ లేదు.

ఫిబ్రవరి 9

విశేషం ఏమీ లేదు. గంగారత్నం ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 13. కోంటా.

నిన్న పొద్దున బయల్దేరాం. ఇర్మె, నేను, వేలిముద్ర కాగితం, సిరా పెట్టె. సుక్మా దాకా బస్సు, దోర్నాపాల్ మీదుగా జీపు, చివర ఎనిమిది కిలోమీటర్లు ఎవరిదో మోటార్ సైకిల్ మీద ముగ్గురం. ఇర్మె తల్లి పేరు మాసే. ఇంటి ముందు చాప మీద చింతపండు పిక్కలు తీస్తోంది. కూతుర్ని చూసి ముందు కాళ్ళు చూసింది, దెబ్బలున్నాయేమోనని.

వీళ్ళు దోర్ల తెగవాళ్ళు, మాట తెలుగుకి దగ్గర. ఆమె మాట నాకు చాలావరకు అర్థమవుతుంది. మిగతాది ఇర్మె చెప్పింది. కాగితంలో ఏముందో చదివి చెప్పాను. ఇర్మె 2006లో పుట్టిందని తల్లి ఒప్పుకుంటున్నట్టు.

"అది ఏ ఏడు బాబూ?"

"గొడవలకి ఊళ్ళు ఖాళీ అయిన మరుసటేడు."

పిక్క తీస్తున్న చెయ్యి ఆగింది. "ఊరు ఇడిసినప్పుడు ఇది నా చెయ్యి పట్టుకుని నడిసింది. ఏరు దాకా నడిసింది. పుట్టనిది ఎట్ట నడుస్తది?"

"కాగితం కోసం అవ్వా" అంది ఇర్మె.

"మరుసటేడు పుట్టింది ఇది కాదు. ఇంకొకతె. అవతల, వెంకటాపురం కాడ, మిరప చేలో. ఇరవై దినాలు ఉన్నది. మాకప్పుడు గుడిసె కూడా లేదు."

వాళ్ళమ్మ మొహంలోకి చూసింది ఇర్మె. తనకి ఈ సంగతి తెలియదు. ఇరవై ఏళ్ళు వస్తున్నా తెలియదు.

"చెప్పలేదేందే?"

"నువ్వడగలే." మాసే చేతులు చీరకి తుడుచుకుంది. సిరా పెట్టె నా వైపు జరిపింది. "దాని ఏడు దానికి ఉండనీ బాబు. ఒక్క పేరన్నా పెట్టలేదు దానికి. ఆ ఏడు ఒక్కటే ఉంది. దీనికియ్యను."

తర్వాత మాకు జావ పోసింది, ఇంకో మాట రాకుండా. తాగాం.

ఇప్పుడు కోంటాలో లాడ్జీలో ఉన్నాను. ఇర్మె వాళ్ళమ్మ దగ్గరే ఆగింది. వేలిముద్ర లేని కాగితం నా సంచిలో ఉంది.

ఫిబ్రవరి 14

ఇర్మె పొద్దున్నే నడిచి రోడ్డు మీదకి వచ్చి ఫోన్ చేసింది. "ఆ ఉత్తరం ఎనక్కి తీస్కోండి సార్. నిషేధం వేస్తే వెయ్యనీ."

"రెండేళ్ళు పడొచ్చు ఇర్మె. ఇరవై ఒకటి వస్తాయి."

"నిజంగా ఇరవై ఒకటే వస్తయి కదా. అది చాలు."

వికాస్‌కి ఫోన్ చేశాను. అప్పటికే ఉత్తరం పంపేశాడు. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మీ పరువేం కాను సార్?" అన్నాడు. దంతెవాడ చేరాక ఫెడరేషన్‌కి రెండో ఉత్తరం రాశాను. మొదటిది అబద్ధం, ఫారం మీద ఏడు నేను రాసింది, పిల్లకి సంబంధం లేదు. నాలుగు వాక్యాలు. మొదటి ఉత్తరానికి మూడు రోజులు పట్టింది, దీనికి పది నిమిషాలు.

ఫిబ్రవరి 15

రిజిస్టరు నకలు కావాలని కాశయ్యని అడిగాను. ఇచ్చాడు. అరుగు దిగుతుంటే అన్నాడు: "నిజం చెప్పి మీరు పెద్దమనుషులవుతారు. నేను బడి సర్టిఫికెట్ తప్పుడుది ఇచ్చినవాణ్ణి అవుతాను."

నకలు సంచిలో పెట్టుకున్నాను.

మార్చి 2

నిన్న మార్చి ఒకటి. ఇర్మె అక్కడ ఉండాల్సిన రోజు. గీదం గ్రౌండ్‌లో ఉంది.

మార్చి 14. రాయపూర్.

విచారణ. ముగ్గురు సభ్యులు. ఏసీ గది, బిస్కట్లు. బస్సులో వస్తూ ఇర్మెకి చెప్పాను: "నిన్ను అడిగితే నాకు తెలీదు, చిన్నదాన్ని అను. మిగతాది నేను చూసుకుంటా." తలూపింది.

నా వాంగ్మూలం చదివాను. తప్పు నాది, సర్టిఫికెట్ నా ఒత్తిడి మీద ఇచ్చింది. కాశయ్య ఒకసారి నా వంక చూశాడు. ఒత్తిడి అన్నది కూడా నిజం కాదు. ఆయన కోసం చేర్చాను. చదువుతున్నప్పుడు నాకు లోపల కొంచెం బాగానే అనిపించింది. ఆ సంగతి కూడా రాసుకోవాలి.

అధ్యక్షురాలు ఇర్మెని హిందీలో అడిగింది, వయసు తగ్గించి రాస్తున్నారని ఆ రోజు నీకు తెలుసా అని.

"తెలుసు" అంది ఇర్మె.

నేను దగ్గాను. ఇర్మె నా వైపు చూడలేదు.

"లైన్‌ల నా ముందు ఊర్మిల ఉండె. మా బడిదే. నాకంటే చిన్నది, దానికి పదమూడు. నిజం పదమూడు. ఇద్దర్ల ఒక్కరినే తీస్కున్నరు. నేను పెద్దదాన్ని, గట్టిగ ఉన్న, నన్ను తీస్కున్నరు. అది ఇంటికి పోయింది. నాకు ఆ రోజే తెలుసు."

"ఇప్పుడు ఆ అమ్మాయి ఎక్కడ?"

"మిరప కోతకి పోయింది మేడం. పోయిన వారం కలిసొచ్చిన."

గదిలో ఎవరూ బిస్కట్టు ముట్టలేదు.

నా వాంగ్మూలంలో ఊర్మిల లేదు. 2018 నోట్‌బుక్ తీసి చూశాను, తెచ్చుకున్నాను దాన్ని. అందులోనూ లేదు. లైనులో ఎంతమంది అమ్మాయిలో రాసుకున్నాను. అరవై రెండు.

మార్చి 15. జగదల్‌పూర్ బస్సులో.

"ఊర్మిల ఏమంది?" అని అడిగాను.

"మస్తు తిట్టింది. తర్వాత అన్నం పెట్టింది. నేను పోయుంటే నీకంటే బాగా ఆడేదాన్ని అంది."

"నిజమేనా?"

"ఏమో సార్. ఎట్ల తెలుస్తది?"

కేశ్‌కాల్ ఘాట్ ఎక్కేదాకా కిటికీలోంచి చూస్తూ ఉంది. "తెలీదని చెప్పమంటిరి. మీరొక్కరే మంచోళ్ళు అవుదామనుకున్నరా?" అంది, నవ్వుతూనే.

మార్చి 27

తీర్పు. ఇర్మెకి డిసెంబరు ముప్పై ఒకటి దాకా నిషేధం. తానే నిజం చెప్పినందుకు తగ్గించామన్నారు. కాశయ్య రెండేళ్ళు ఏ జట్టుకీ కోచ్‌గా ఉండకూడదు. నా మీద ఏమీ లేదు. నా మీద వాళ్ళకి అధికారం లేదు.

ఫిన్లాండ్ నుంచి రెండు లైన్లు. వేరే మిడ్‌ఫీల్డరుని తీసుకున్నారు. జనవరిలో ఇంకా ఆడుతూ ఉంటే, పది రోజుల ట్రయల్‌కి రావచ్చు. హామీ లేదు.

ఏప్రిల్ 3

ఎడిటరుకి సవరణ పంపాను. "ఆరేళ్ళ నాటి వార్తకి సవరణ ఏమిటయ్యా, వడదెబ్బా?" అన్నాడు. పదకొండో పేజీలో మూడు లైన్లు వేశాడు. వయసు సరిచేశాను, ఊర్మిల పేరు రాశాను. ఆ లైను కొట్టేశారు, చోటు లేదని.

ఏప్రిల్ 10

కాశయ్య ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 18

ఇర్మె రిజిస్టరైన మ్యాచ్ ఏదీ ఆడకూడదు. కిరందుల్ ఇనుప గని టౌన్‌షిప్‌లో మా నాన్న పనిచేసిన డిపార్ట్‌మెంట్ వాళ్ళు సాయంత్రాలు ఆడతారు. నలభై దాటినవాళ్ళే అందరూ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు. ఇప్పుడు ఇర్మె అక్కడే ఆడుతోంది. ఇవాళ చూశాను. షవల్ ఆపరేటరు ఒకాయన రెండుసార్లు కింద పడ్డాడు.

"అమ్మా తల్లీ, మెల్లగా! నాకు బీపీ ఉంది!"

"గోల్‌కి రాకుండా ఆ పక్కన నిలబడండి బాబాయ్, తగ్గుద్ది!"

ఊర్మిల కూడా వచ్చిందా అని అడిగాను. పిలిచిందట. రాలేదు.

ఆగస్టు 21

వానలు. గ్రౌండ్ ఎర్రనీళ్ళు. ఇర్మె మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఉంది, నూట యాభై సార్లు. లెక్కపెట్టడం నేను మధ్యలో మానేశాను.

అక్టోబరు 6

ఏమీ రాయలేకపోతున్నాను. ఇక్కడ కాదు, పేపర్లో. ప్రతి అంకె దగ్గర ఆగి ఫోన్లు చేస్తున్నాను. డెస్క్ వాళ్ళు విసుక్కుంటున్నారు.

జనవరి 11, 2025. రాయపూర్ ఎయిర్‌పోర్టు.

ఇర్మె వెళ్ళింది. గంగారత్నం అల్లిన స్వెట్టరు మీద వికాస్ తెచ్చిన జాకెట్టు, రాయపూర్ ఎండలో. నా చేతిలో కెమెరా చూసి అడ్డం పెట్టింది చెయ్యి.

"ఇప్పుడు రాయకండి సార్."

"ట్రయల్‌కి వెళ్తున్నావని ఒక్క ముక్క..."

"పోతున్నా, వస్తున్నా అని మీరు ముందే రాస్తరు. ఆడినాక రాయండి."

కెమెరా సంచిలో పెట్టాను.

జనవరి 24

పది రోజులు నిన్నటితో అయ్యాయి. ఫోన్ లేదు.

జనవరి 25

లేదు.

జనవరి 26

జెండా వందనం కవరేజీ. రెండుసార్లు బయటికి వచ్చి ఫోన్ చూసుకున్నాను.

జనవరి 28

సంతకం చేసిందట, ఒక్క సీజన్‌కి. "మైనస్ పందొమ్మిది సార్. ముక్కు ఉందో లేదో తెలుస్తలేదు." అంతే చెప్పింది.

ఎడిటరు ఎక్కడో విని ఫోన్ చేశాడు. నాకు ఇంకా సమాచారం లేదన్నాను. ఈ వృత్తిలో నేను చెప్పిన అబద్ధాల్లో ఇదొక్కటే నన్ను ఇబ్బంది పెట్టలేదు.

ఏప్రిల్ 12

మొదటి మ్యాచ్. ఫోన్‌లో చూశాను, క్లబ్బు వాళ్ళే పెట్టిన వీడియో. ఒకే కెమెరా, అది కూడా గాలికి ఊగుతోంది. మైదానం పక్కన కుప్పలుగా మంచు. చూడటానికి వచ్చినవాళ్ళని లెక్కపెట్టాను. నూటా పది మంది దాకా.

ఇర్మె డెబ్బయ్యో నిమిషంలో దిగింది. అప్పటికే రెండు గోల్స్ వెనక ఉన్నారు. పదహారు పాసులు ఇచ్చింది, పన్నెండు చేరాయి. ఒకసారి బంతి పోగొట్టి, నలభై గజాలు వెనక్కి పరిగెత్తి మళ్ళీ లాక్కుంది. ఎనభై ఎనిమిదో నిమిషంలో రిఫరీతో వాదించి ఎల్లో కార్డు తెచ్చుకుంది. ఏ భాషలో వాదించిందో వినపడలేదు.

రాయపూర్‌కి పంపాను: 'ఇర్మె ఇరవై నిమిషాలు ఆడింది. జట్టు 0-2తో ఓడింది.' కింద ఆరు వాక్యాలు.

"ఇది వార్తేనా?" అన్నాడు ఎడిటరు.

"ఇంతే జరిగింది" అన్నాను.

ఫోన్ పెట్టగానే మోగింది. కాశయ్య. ఏడాది తర్వాత. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఎడమ కాలు వాడటం లేదు చూశారా? ఆ కార్నర్ దగ్గర రెండుసార్లు. చెప్పండి దానికి."

"మీరే చెప్పండి."



"అక్కడ ఇప్పుడు టైం ఎంత?" అన్నాడు.